లైసెన్సు వచ్చిందిగా... ఇంకేంటి?

తండ్రి ఆర్టీసీ బస్సు డ్రైవరు. కొడుకు విమానం పైలట్. ఆ ఇంట్లో ఏళ్ల తరబడి నలిగిన ప్రశ్న ఒక్కటే. దానికి జవాబు దొరికేసరికి తండ్రి రిటైరైపోయారు. కొడుకు మాత్రం ఇంకా పరీక్షలకు చదువుతూనే ఉన్నాడు!

2019 నవంబరులో ఓ సాయంత్రం. నరసరావుపేటలోని ఆ ఇంటి గుమ్మం ముందు చెప్పుల జతలు లెక్కకు మించి ఉన్నాయి. లోపల ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న ఆ పెద్దాయన చేతిలో కొడుకు కమర్షియల్ పైలట్ లైసెన్సు. వచ్చినవాళ్లందరికీ చూపిస్తున్నారు. చూపించాక మళ్లీ జాగ్రత్తగా కవర్లో పెడుతున్నారు. వచ్చినవాళ్లలో సగం మంది డిపోలో ఆయనతోపాటు స్టీరింగు పట్టినవాళ్లే.

'ఏరా అబ్బాయ్, ఎప్పట్నుంచి డ్యూటీ? ఏ రూటు?' అనడిగాడు వాళ్లలో ఒకాయన. అబ్బాయి నవ్వి ఊరుకున్నాడు.

అందరూ వెళ్లాక భోజనాల దగ్గర తండ్రి అదే మాట మరోలా అడిగారు.

'లైసెన్సు వచ్చిందిగా... ఇంకేంటి?'

'దీంతో పెద్ద విమానం తోలనివ్వరు నాన్నా.'

ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. లైసెన్సుల సంగతి ఆయనకు తెలియంది కాదు. ముందు ఎల్ బోర్డు, తర్వాత లైటు వెహికల్, ఆ తర్వాత హెవీ, ఆపైన బ్యాడ్జి... అన్నీ దాటుకునే ఆర్టీసీలోకి వచ్చారు. హెవీ చేతికొచ్చాక ఇక అడ్డేమిటన్నది ఆయన లెక్క. ఎకరంన్నర పొలం, భార్య నగలు, ఇంటి కాగితాలు కలిపితేగానీ రాని లైసెన్సు అది. దాంతో ఉద్యోగం రాదంటే ఆయనకు మింగుడుపడలేదు.

బస్సులోంచి చూసిన విమానం

ఆ పిచ్చి అంటించింది ఒక రకంగా ఆయనే. ఎండాకాలం సెలవుల్లో ఎప్పుడైనా కొడుకుని తన బస్సులోనే హైదరాబాద్ తీసుకెళ్లేవారు. తిరుగు ట్రిప్పుకి ఇంకా టైముంటే సిటీ బస్సెక్కించి బేగంపేట తీసుకెళ్లి నిలబెట్టేవారు. 2008 మార్చిలో విమానాలు శంషాబాద్‌కు తరలిపోయేదాకా బేగంపేటలో ఇళ్ల మీదుగా, చేతికందేంత కిందుగా దిగుతుండేవి. ఎనిమిదేళ్ల పిల్లాడు తల వెనక్కి వాల్చి నోరు తెరుచుకుని చూస్తూ, 'వాళ్లక్కూడా కండక్టర్ ఉంటాడా నాన్నా?' అనడిగాడట.

ఇంటర్లో మ్యాథ్స్, ఫిజిక్స్ తీసుకున్నాడు. ఎంసెట్ రాయమన్నారు ఇంట్లో. పైలట్ అవుతానన్నాడు. ముందుగా దాటాల్సింది వైద్య పరీక్ష. విద్యార్థి పైలట్‌కు రెండో తరగతి మెడికల్ చాలు. కమర్షియల్ లైసెన్సు కావాలంటే మొదటి తరగతి మెడికల్ ఉండి తీరాలి. కళ్లు, చెవులు, గుండె, రక్తం, మెదడు... డాక్టర్లు ఒక్కటీ వదలరు. రంగురంగుల చుక్కల్లో దాగిన అంకెను చదవమంటారు. కళ్లజోడు ఉంటే ఫర్వాలేదు. రంగుల్లో తేడా తెలియకపోతేనే చిక్కు. 'ఇవి మాకూ ఉంటాయిలే' అన్నారు తండ్రి ధైర్యంగా. కానీ ఆస్పత్రి వరండాలో ఆ రోజంతా ఆయన కాళ్లు ఒకచోట నిలవలేదు.

మెడికల్ పాసయ్యాడు. పొలం బేరం పెట్టారు.

ఒక బెల్లు... రెండు బెల్లులు

మహారాష్ట్రలోని ఓ ఫ్లయింగ్ స్కూల్లో చేరాడు అబ్బాయి. చేరీ చేరగానే విమానం ఎక్కించలేదు. పుస్తకాలు ముందు పెట్టారు. విమానం గాల్లో దారి ఎలా వెతుక్కుంటుందో చెప్పే నావిగేషన్, మబ్బుల స్వభావం నేర్పే మెటీరియాలజీ, ఆకాశంలో చట్టాలుండే ఎయిర్ రెగ్యులేషన్స్, ఇంజినూ రెక్కల సంగతులుండే టెక్నికల్ పేపర్లు... పరీక్ష పెట్టేది పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అదే డీజీసీఏ. ప్రతి పేపర్లోనూ 70 శాతం మార్కులు రావాలి. 69 వచ్చినా ఫెయిలే. 'మా టెన్త్ క్లాసులో 35 వస్తే స్వీట్లు పంచారు' అని నవ్వేవారు తండ్రి.

ఇవి కాక రేడియో పరీక్ష ఒకటి. పైలట్ కంట్రోల్ టవర్‌తో మాట్లాడేందుకు దీనికి విడిగా సర్టిఫికెట్ ఉండాలి. చాలాకాలం కేంద్ర టెలికాం శాఖ దీన్ని నిర్వహించేది. 2024లో వచ్చిన భారతీయ వాయుయాన్ చట్టంతో ఆ బాధ్యత డీజీసీఏ చేతికొచ్చింది. తెలుగు మీడియంలో చదివిన అబ్బాయికి దడ పుట్టించిన పరీక్ష ఇదే. అక్షరాలను ఆల్ఫా, బ్రావో, చార్లీ అనాలి. అంకెల్లో తొమ్మిదిని 'నైనర్' అనాలి. టవర్ చెప్పిన మాటను తిరిగి అప్పజెప్పాలి. 'సరే', 'ఓకే' అంటే కుదరదు.

'అంత ఛాదస్తం ఎందుకురా?' అన్నారు తండ్రి ఫోన్లో.

అబ్బాయి క్లాసులో విన్న కథ చెప్పాడు. 1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరిఫె దీవిలో రెండు జంబో జెట్ విమానాలు రన్‌వే మీదే ఢీకొన్నాయి. 583 మంది చనిపోయారు. పొగమంచు దట్టంగా ఉంది. టవర్ ఇంకా అనుమతి ఇవ్వలేదు. ఇచ్చిందనుకుని ఒక కెప్టెన్ విమానాన్ని ముందుకు ఉరికించాడు. అదే రన్‌వే మీద ఎదురుగా రెండో విమానం ఉంది. మాటల్లోని ఆ అస్పష్టత అన్ని ప్రాణాలు తీసింది. ఆ తర్వాతి నుంచి విమానం నిజంగా పైకి లేవడానికి అనుమతి ఇచ్చేటప్పుడో, దాన్ని రద్దు చేసేటప్పుడో తప్ప మరెక్కడా 'టేకాఫ్' అనే మాట వాడకూడదని కట్టుబాటు పెట్టుకున్నారు.

తండ్రి కాసేపు మాట్లాడలేదు. తర్వాత, 'అంతేలే. ఒక బెల్లు కొడితే ఆగు, రెండు కొడితే పద. కండక్టరు ఒకటిన్నర కొడితే ఏం చెయ్యాలి?' అన్నారు. రేడియో పాఠం ఆయనకు అర్థమైంది.

పక్క సీటు ఖాళీ

శిక్షణ విమానం సెస్నా 152. రెండే సీట్లు, ఒకటే ఇంజిను. నిండా బరువుతో తూచినా ముప్పావు టన్ను. ప్రతిరోజూ ఎగిరే ముందు పైలటే దాని చుట్టూ తిరిగి అన్నీ చూసుకోవాలి. రెక్కలో ఉన్న ట్యాంకు నుంచి కాస్త పెట్రోలు గాజు గొట్టంలోకి తీసి, అడుగున నీళ్లు చేరాయేమో పరికించాలి. ఆయిల్ కొలవాలి, టైర్లు తడమాలి. ఆ సంగతి వినగానే తండ్రి ముఖం వెలిగింది. తెల్లవారుజామున డిపోలో ఇనుప రాడ్డుతో టైర్లు కొట్టి, ఆ చప్పుడును బట్టి గాలి ఎంతుందో చెప్పే మనిషి ఆయన.

మొదట్లో పక్కనే ఇన్‌స్ట్రక్టర్ ఉంటారు. ఆయన ముందు కూడా రెండో కంట్రోలు ఉంటుంది. లేపడం, దించడం, మళ్లీ లేపడం, మళ్లీ దించడం... రోజుల తరబడి ఇదే పని. ఓ ఉదయం నాలుగుసార్లు దించాక, విమానాన్ని పక్కకు తీసుకెళ్లి ఆపమన్నారు ఇన్‌స్ట్రక్టర్. తలుపు తీసి దిగారు. తన ఖాళీ సీటు బెల్టు కంట్రోలుకు తగలకుండా బిగించి కట్టారు. 'ఒక్క సర్క్యూట్ కొట్టిరా' అని తలుపు వేసేశారు.

పైలట్ జీవితంలో మరిచిపోలేని రోజు అదే. మొదటి సోలో. ఒక మనిషి బరువు తగ్గడంతో విమానం రోజూ కంటే చురుగ్గా లేచింది. ఎడమవైపు మలుపు తిరిగేటప్పుడు అలవాటుగా పక్కకు చూశాడు. అక్కడ ఎవరూ లేరు. తప్పు చేస్తే చెప్పేవాళ్లు లేరు. లేచినవాడు దిగక తప్పదు, దించాల్సిందీ తనే. ఏడు నిమిషాల తర్వాత చక్రాలు నేలను తాకాయి. దిగగానే తోటి విద్యార్థులు బకెట్‌తో నీళ్లు కుమ్మరించారు. ఫ్లయింగ్ క్లబ్బుల్లో అదో ఆచారం.

తడిబట్టలతోనే ఇంటికి ఫోన్ చేశాడు. తండ్రి ఎత్తలేదు. బండి నడిపేటప్పుడు ఆయన ఫోన్ ముట్టుకోరు. పిడుగురాళ్ల బస్టాండులో టీ కోసం ఆగినప్పుడు తిరిగి చేశారు. 'ఒక్కడివే తోలావా?' అని మూడుసార్లు అడిగారట.

రాసుకుంటే పోలా!

కమర్షియల్ లైసెన్సుకు మొత్తం 200 గంటలు గాల్లో ఎగరాలి. అందులో 100 గంటలు తనే కమాండర్‌గా నడపాలి. రాత్రిపూట ఎగరాలి. కనీసం 300 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 555 కిలోమీటర్ల దూరం ఒకే ప్రయాణంలో వెళ్లాలి, దారిలో రెండు వేర్వేరు విమానాశ్రయాల్లో దిగి ఆగాలి. ఇంచుమించు హైదరాబాద్ నుంచి తిరుపతికి బస్సు వెళ్లినంత దూరం. ఎగిరిన ప్రతి నిమిషమూ లాగ్‌బుక్కులో ఎక్కాలి.

అబ్బాయి లాగ్‌బుక్కు 120 గంటల దగ్గర ఆగిపోయింది. స్కూల్లో ఉన్న విమానాల్లో ఒకదానికి ఇంజిను పని, ఇంకోదానికి విడిభాగం రావాలి. ఇద్దరు ఇన్‌స్ట్రక్టర్లు మానేశారు. పైగా వానలు. నాలుగు నెలల్లో ఎగిరింది వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. హాస్టల్ అద్దె, మెస్ బిల్లు, బ్యాంకు వడ్డీ మాత్రం ఆగలేదు.

అప్పుడే ఒక సీనియర్ చెవిలో ఊదాడు. 'ఎందుకు ఇంతలా దిగులు? మిగిలిన గంటలు రాసుకుంటే పోలా! అందరూ చేసేదే.' ఎగరకుండానే ఎగిరినట్టు లాగ్‌బుక్కు నింపేయడం అన్నమాట. విమానయాన రంగంలో వీటికి 'పార్కర్ పెన్ అవర్స్' అని ఓ ముద్దుపేరు కూడా ఉంది. ఆకాశంలో కాకుండా కలంతో ఎగిరిన గంటలు!

ఆ రాత్రి అబ్బాయి ఇంటికి ఫోన్ చేసి విషయం చెప్పాడు. 'ఏం చెయ్యమంటావ్ నాన్నా?' అన్నాడు. తనకూ ఆశ పుట్టిందని ఆ గొంతే చెబుతోంది.

అవతల చాలాసేపు నిశ్శబ్దం. ఇంటి మీద అప్పు ఎంతుందో ఇద్దరికీ తెలుసు. చివరికి తండ్రి అన్నారు. 'కాగితం మీద తిరిగే బండికి బ్రేకులక్కర్లేదురా. రోడ్డు మీద తిరిగేదానికి కావాలి. నువ్వు నిజంగానే ఎగురు. డబ్బు సంగతి నేను చూసుకుంటా.'

మర్నాడు ఆయన ఆర్టీసీ సహకార సొసైటీలో ఇంకో లోనుకు అర్జీ పెట్టారు. లాగ్‌షీట్ల విలువ ఆయనకు తెలుసు. ముప్పై ఏళ్లపాటు తిరిగిన కిలోమీటర్లు, తాగిన డీజిలు రాసి సంతకం పెట్టిన చెయ్యి అది.

ఆయన చెప్పింది ఎంత నిజమో దేశం అంతకుముందే చూసింది. 2011లో నకిలీ మార్కుల జాబితాలు పెట్టి లైసెన్సులు సంపాదించిన కొందరు పైలట్లు పట్టుబడ్డారు, అరెస్టయ్యారు. పైలట్ల లైసెన్సులన్నిటినీ డీజీసీఏ తిరగేయాల్సి వచ్చింది. ఆ తీగ కదిలింది ఎక్కడో తెలుసా? గోవాలో దిగుతున్న ఒక విమానం వెనక చక్రాలకు బదులు ముక్కు చక్రం మీద దిగింది. ఎందుకలా దిగిందని ఆరా తీస్తే పైలట్ మార్కుల జాబితా సంగతి బయటపడింది. కాగితం దాచినదాన్ని రన్‌వే బయటపెట్టింది!

ఒళ్లు అబద్ధం చెబుతుంది

వానలు వెలిశాక విమానాలు మళ్లీ లేచాయి. ఈసారి నేర్చుకోవాల్సింది కళ్లు మూసుకున్నంత పని. నెత్తికి ఓ ముసుగులాంటిది తగిలిస్తారు. బయట ఏమీ కనిపించదు. ఎదురుగా ఉన్న గడియారాల్లాంటి పరికరాలు మాత్రమే కనిపిస్తాయి. వేగం ఎంత, ఎత్తు ఎంత, రెక్కలు వాలాయా, ముక్కు పైకి ఉందా కిందికి ఉందా... అన్నీ వాటిలోనే చూసి నడపాలి. ఇలాంటి సాధన కనీసం పది గంటలు ఉండాలి.

ఎందుకంటే మబ్బులోకి వెళ్లాక మనిషి ఒళ్లు అబద్ధం చెబుతుంది. మనం నిటారుగా ఉన్నామా, ఒరిగామా అన్నది చెవి లోపలి ద్రవం కదలికతో తెలుస్తుంది. మలుపు నెమ్మదిగా, ఒకే తీరుగా సాగితే ఆ ద్రవం కాసేపటికి కుదురుకుంటుంది. విమానం వాలిపోతూనే ఉంటుంది, లోపల కూర్చున్నవాడికి మాత్రం తిన్నగా వెళ్తున్నట్టే ఉంటుంది. సరిచేస్తే, ఇప్పుడు పక్కకు పడిపోతున్నామనిపిస్తుంది. అలాంటప్పుడు ఒంటిని నమ్మినవాడు చెడతాడు, పరికరాన్ని నమ్మినవాడు బతుకుతాడు.

మొదటి రోజు అబ్బాయి ముసుగు తీసేసరికి చొక్కా తడిసిపోయింది. 'తిన్నగా పోతున్నాననే అనుకున్నా సార్' అన్నాడు. 'అందరూ అలాగే అనుకుంటారు' అన్నారు ఇన్‌స్ట్రక్టర్.

గంటలు నిండాయి. పగలు ఓ పరీక్ష, రాత్రి ఓ పరీక్ష, పరికరాల మీద మరొకటి, రెండింజిన్ల విమానం మీద ఇంకొకటి. ఎగ్జామినర్ పక్కన కూర్చుని మాటామంతీ లేకుండా ఓ ఇంజిను పవరు తగ్గించేస్తాడు. ఏం చేస్తావో చూద్దామన్నట్టు. అన్నీ అయ్యాక ఫైలు డీజీసీఏకు వెళ్లింది. 2019 నవంబరులో లైసెన్సు ఇంటికొచ్చింది. చెప్పుల జతలు గుమ్మం ముందు చేరింది అప్పుడే.

మళ్లీ మొదటికి

ఆ లైసెన్సుతో పెద్ద విమానం ఎందుకు ఎక్కనివ్వరంటే... ఒక్కో రకం విమానానికి విడిగా అర్హత సంపాదించాలి. దాన్నే టైప్ రేటింగ్ అంటారు. ఎయిర్‌బస్ ఏ320 నడిపే పైలట్‌ను ఆ అర్హత లేకుండా బోయింగ్ 737 మీద కూర్చోబెట్టరు. సెస్నాకు, ఏ320కు మధ్య తేడా ఆటోకు, బస్సుకు మధ్య ఉన్నంత కూడా కాదు. ఏ320 పూర్తి బరువుతో సుమారు 78 టన్నులు తూగుతుంది. అంటే సెస్నాకు వంద రెట్లు!

అదైనా నేర్చుకుందామంటే 2020 వచ్చింది. మార్చి 25 నుంచి దేశంలో ప్రయాణికుల విమానాలన్నీ నేల మీదే ఉండిపోయాయి. బస్సులూ ఆగిపోయాయి. తండ్రీకొడుకులు ఇద్దరూ ఒకే ఇంట్లో, ఒకే టీవీ ముందు ఖాళీగా కూర్చున్నారు. మే 21న రాష్ట్రంలో ఆర్టీసీ బస్సు కదిలింది. నాలుగు రోజులకు, 25న దేశంలో విమానం ఎగిరింది. తండ్రికి డ్యూటీ దొరికింది. కొడుకుకు దొరకలేదు. ఉన్న పైలట్లకే పని లేని రోజులవి.

రెండేళ్లు ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ ట్యూషన్లు చెప్పాడు. అదొక్కటే కాదు బాధ. పైలట్ అర్హతలు వాటంతట అవి నిలిచి ఉండవు. పరికరాల మీద నడిపే రేటింగును ఏటా పరీక్ష పెట్టించుకుని కొత్తది చేసుకోవాలి. మెడికల్ గడువు తీరకుండా చూసుకోవాలి. ఉద్యోగం లేకుండానే లైసెన్సును బతికించుకోవడానికి మళ్లీ డబ్బు. పెళ్లిళ్లలో బంధువులు 'మీవాడు ఏ కంపెనీలో?' అని అడుగుతారని తల్లి పేరంటాలకు వెళ్లడం మానేసింది. తండ్రి నోట ఆ పాత ప్రశ్న మాత్రం మళ్లీ రాలేదు. రోజూ పేపర్లో విమానాల వార్త ఉంటే చదివి, మడిచి, కొడుకు కంటపడేలా టేబుల్ మీద పెట్టి డ్యూటీకి వెళ్లేవారు.

2022లో ఓ ఎయిర్‌లైన్స్ పిలిచింది. రాత పరీక్ష, ఇంటర్వ్యూ, సిమ్యులేటర్ పరీక్ష దాటాడు. అదే ఏడాది తండ్రి రిటైరయ్యారు. వచ్చిన డబ్బులో కొంత బ్యాంకుకు, కొంత టైప్ రేటింగుకు పోయింది.

టైప్ రేటింగు చాలావరకు సిమ్యులేటర్లోనే. ఆరు కాళ్ల మీద నిలబడి అటూ ఇటూ ఒరిగే పెద్ద డబ్బా అది. లోపల అచ్చం విమానం కాక్‌పిట్టే. అర్ధరాత్రి రెండింటికి కూడా అందులో క్లాసులు నడుస్తాయి. అక్కడ నేర్పేది మామూలుగా ఎగరడం కాదు, అన్నీ చెడిపోయినప్పుడు ఎగరడం. రన్‌వే మీద పరుగెత్తే విమానానికి 'వీ వన్' అనే ఓ నిర్ణయ వేగం ఉంటుంది. ఆ లోపు ఇంజిను చెడితే బ్రేకు వెయ్యొచ్చు. అది దాటాక చెడితే ఆగకూడదు, మిగిలిన రన్‌వే చాలదు. ఉన్న ఒక్క ఇంజినుతో పైకి లేవాల్సిందే. సరిగ్గా ఆ గీత మీద ఇంజిను ఆపేస్తారు. ఒకసారి కాదు, చేతులకు భయం పోయేదాకా. మంటలు, పొగ, పిడుగులు, గాలివాన... నలభై ఏళ్ల ఉద్యోగంలో ఒక్కసారీ ఎదురుకాకపోవచ్చు. ఎదురైతే మాత్రం చేతులు తడబడకూడదు.

ఇంకో పాఠం కూడా ఉంది. అది యంత్రం గురించి కాదు, మనిషి గురించి. 2010 మే 22న దుబాయ్ నుంచి వచ్చిన విమానం మంగళూరు రన్‌వే దాటి లోయలో పడింది. 158 మంది చనిపోయారు, ఎనిమిది మంది బతికారు. విమానం కుదురుగా దిగడం లేదని, మళ్లీ పైకి లేపమని కో పైలట్ మూడుసార్లు చెప్పాడు. కెప్టెన్ వినలేదు. విచారణలో తేలిన నిజం ఇది. అందుకే కుర్రవాడైనా సరే పక్కవాడు గొంతెత్తాలి, ఎంత సీనియరైనా కెప్టెన్ వినాలి. కాక్‌పిట్లో ఈ అలవాటును పనిగట్టుకుని నేర్పిస్తారు.

సిమ్యులేటర్ తర్వాత ప్రయాణికులు లేని ఖాళీ విమానంతో లేపడం, దించడం. తర్వాత ప్రయాణికులతో, శిక్షకుడైన కెప్టెన్ పక్కన. మొదట్లో వెనక సీట్లో ఇంకో పైలట్ కూడా కూర్చుంటాడు, ఏదైనా జరిగితే అందుకోవడానికి. చివరికి 2023లో పరీక్ష పాసై, అబ్బాయి కో పైలట్‌గా డ్యూటీ ఎక్కాడు. లైసెన్సు చేతికొచ్చిన నాలుగేళ్లకు!

గోవిందా... గోవిందా!

2024 నవంబరులో తల్లిదండ్రులు తిరుపతికి బయల్దేరారు. హైదరాబాద్ నుంచి విమానంలో. డ్యూటీ చార్టులో ఆ ట్రిప్పు అబ్బాయికే పడింది. విమానంలో సగం మంది కొండకు వెళ్లేవాళ్లే. రేణిగుంట దగ్గర పడేసరికి బయట వాన. కిటికీలోంచి దీపాలు కనిపిస్తున్నాయి. చక్రాలు కిందికి దిగిన చప్పుడైంది. 'వచ్చేశాం' అన్నారు ఆయన భార్యతో. అంతలో ఇంజిన్లు ఒక్కసారిగా గర్జించాయి. విమానం ముక్కు పైకెత్తి మళ్లీ మబ్బుల్లోకి దూసుకెళ్లింది. లోపల ఎవరో 'గోవిందా' అన్నారు. విమానమంతా అందుకుంది. ఆమె భర్త చెయ్యి పట్టుకున్నారు.

ఒకట్రెండు నిమిషాల్లో కెప్టెన్ గొంతు వినిపించింది. గాలి అనుకూలించలేదనీ, మరోసారి చుట్టివచ్చి దిగుతామనీ చెప్పారు. పావుగంటలో విమానం మెత్తగా దిగింది.

రాత్రి కొండమీద గదిలోంచి తండ్రి ఫోన్ చేశారు.

'ఇందాక ఎందుకురా పైకి లేపారు?'

'నేలకు వెయ్యి అడుగుల ఎత్తుకొచ్చేసరికి వేగం, వాలు అన్నీ కుదరాలి నాన్నా. వెనక నుంచి గాలి తోసింది, వేగం ఎక్కువైంది. నేనే చెప్పాను గో అరౌండ్ అని.'

'ఎవరికి? మీ కెప్టెన్‌కా?'

'అవును.'

'ఏమీ అనలేదా?'

'అనడానికేముంది? వెంటనే లేపారు. దిగాక భుజం తట్టారు.'

ఆయన కాసేపు ఫోన్ పట్టుకుని ఊరుకున్నారు. ఆ రాత్రి ఫోన్లో కొడుకు గొంతు, సొసైటీ లోను కాగితం మీద తను పెట్టిన సంతకం గుర్తొచ్చాయేమో. పైకి మాత్రం, 'మంచి పని చేశావ్. భోంచేశావా?' అన్నారు.

అబ్బాయి గంటలు ఇప్పుడు 1500 దాటాయి. కెప్టెన్ సీటుకు కావాల్సిన ఏటీపీఎల్ లైసెన్సుకు అదే కనీస లెక్క. దానికి మళ్లీ పేపర్లు, మళ్లీ పరీక్షలు. కెప్టెన్ అయినా అంతటితో అయిపోదు. ఆరు నెలలకోసారి సిమ్యులేటర్లో కూర్చుని మళ్లీ అదే ఇంజిను చెడగొట్టించుకోవాలి. ఫెయిలైతే మళ్లీ శిక్షణ పొంది పాసయ్యేదాకా ఎగరనివ్వరు. అరవై దాటితే మెడికల్ కూడా ఆరు నెలలకోసారి. అరవై అయిదుకు ప్రయాణికుల విమానానికి సెలవు. డ్యూటీకి పన్నెండు గంటల ముందు నుంచి మందు ముట్టకూడదు. ఎక్కే ముందు గొట్టంలోకి ఊది చూపించాలి.

'డిపోలో నేనూ ఊదేవాణ్నిరా' అంటారు తండ్రి. తండ్రీకొడుకుల ఉద్యోగాల్లో అచ్చంగా కలిసిన విషయం అదొక్కటే అని ఆయన సరదా. కానీ కలిసింది అదొక్కటే కాదని ఆయనకూ తెలుసు. వెనక కూర్చున్నవాళ్లు డ్రైవరు మొహం కూడా చూడకుండా నిద్రపోతారు. ఆ నిద్రను నిలబెట్టడానికే ఇన్ని పరీక్షలు.

ఈమధ్య అబ్బాయి రెండు రోజుల సెలవు మీద ఇంటికొచ్చాడు. తిరిగి వెళ్లగానే సిమ్యులేటర్ పరీక్ష. రాత్రి పదకొండు దాటినా ముందుగదిలో లైటు వెలుగుతూనే ఉంది. మంచం మీద పరిచిన కాగితాల మధ్య కూర్చుని పెదాలు కదుపుతూ ఏదో అప్పజెప్పుకుంటున్నాడు. మంచినీళ్ల కోసం లేచిన తండ్రి గుమ్మంలో ఆగారు. ఆ పాత ప్రశ్న ఆయన నోట రాలేదు.

'పడుకోరా. పరీక్ష ముందు నిద్ర చెడగొట్టుకోకూడదు' అన్నారు. పదో తరగతిలో అన్నట్టే.